మా మరిది దిగిన బాయి

మా మరిది పోయాడు. జగిత్యాల దవాఖానలో, డయాలసిస్ మిషన్ మీద ఉండగానే గుండె ఆగింది. ఎప్పుడూ నేనే వెంట వెళ్లేదాన్ని. ఆ పూట నాకు జ్వరం ఉండి మా ఆయన వెళ్లారు. కోరుట్లలో, మా వంటింట్లో కూర్చుని బియ్యం ఏరుతుంటే ఫోన్ వచ్చింది. "తమ్ముడు పోయిండే," అన్నారు. తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టలేదు. అటువైపు ఎవరో ఇనుప స్టాండు జరుపుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

ఇంటికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట అన్నారు. పాపం. పాపం, పెండ్లి లేకపాయె. పాపం, మస్కట్ పోయి కిడ్నీలు పోగొట్టుకొని వచ్చిండు. ఆ తర్వాత గొంతు తగ్గించి, పాపం, గదేందో పిచ్చి ఆట పట్టుకొని ఒక్కడే కూసుంటుండె. మొదటి రెండింటికీ నేనేమీ అనలేదు. ఈ ఆఖరి మాటకు మాత్రం జవాబు చెప్పకుండా ఉండలేను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. భజనలో కూడా నా గొంతు పక్కామెకు వినబడదు. అందుకే రాస్తున్నాను.

మా మరిది పోయేనాటికి ఆట సగంలో ఉంది. మా ముందరి గదిలో స్టూలు మీద ఒక గళ్ల కాగితం, దాని మీద పెన్సిలుతో గీసిన దారులు, ఒక దారి చివర మూసి ఉన్న తలుపు, ఆ తలుపు ముందు నాలుగు చింతగింజలు. ఆ కాగితాన్ని, గింజల్ని, పుస్తకాలున్న రేకు పెట్టెను కలిపి కాల్చెయ్యాలని మావాళ్లు పట్టుబట్టారు. నేను కాల్చనివ్వలేదు. దాని గురించే చెబుతాను. కాని ముందు ఆ ఆట ఏమిటో చెప్పాలి. కాల్చాలన్నవాళ్లలో ఒక్కరూ దాన్ని కూర్చుని చూసినవాళ్లు కారు.

మస్కట్‌లో మా మరిది ఒక కంపెనీ స్టోరులో పనిచేసేవాడు. వాళ్ల గదిలో ఫిలిప్పీన్ దేశస్థుడు ఒకాయన ఉండేవాడట. శుక్రవారం సెలవు నాడు అందరూ వండుకుని తిన్నాక ఆయన ఒక పుస్తకం తీసేవాడు. అది కథల పుస్తకం కాదు. నేల కింద ఎప్పుడో మూతపడిన ఒక కోటో, గుహో, సమాధో ఉంటుంది. దాని పటం అందులో అచ్చేసి ఉంటుంది. ఒక్కో గదికి ఒక్కో అంకె. ఆ అంకె కింద ఆ గదిలో ఏముందో రాసి ఉంటుంది. ఎముకలా, నిధా, గొలుసు తెంచుకున్న రాకాసా, గోడలో దాచిన బాణమా అని. పుస్తకం పట్టుకున్నాయనకే ఆ రాత కనబడుతుంది. మిగతావాళ్లు తలా ఒక మనిషిని తయారు చేసుకుంటారు. కత్తి తిప్పేవాడు, మంత్రం వేసేది, తాళాలు తీసేవాడు. చేతిలో దివిటీ పట్టుకుని వాళ్లు ఒక్కో గదీ చూసుకుంటూ లోపలికి పోవాలి. తలుపు విరగాలన్నా, దెబ్బ తగలాలన్నా, తప్పాలన్నా పాచిక వెయ్యాలి. ఆ పాచిక మన గవ్వల్లాంటిది కాదు. ఇరవై ముఖాలుంటాయి, రేగుపండంత ఉంటుంది.

ఆ ఫిలిప్పీన్ ఆయన తన దేశానికి పోతూ పుస్తకాలూ పాచికలూ మా మరిది చేతిలో పెట్టి పోయాడు. తర్వాత గదిలో ఆడేవాళ్లు కుదరలేదు. ఒకరు డ్యూటీకి పోయే వేళకు ఇంకొకరు వచ్చి పడుకునేవారు. అప్పుడు మా మరిది ఒక్కడే ఆడడం నేర్చుకున్నాడు. చెప్పేవాడూ తానే, ఆడేవాడూ తానే. తర్వాతి గది రాత కంట పడకుండా ఒక పాత పెండ్లి పత్రికను పేజీ మీద కప్పి, అడుగుపెట్టిన గది వరకే కిందికి జరిపేవాడు. పుస్తకంలో లేని ప్రశ్న వస్తే పాచికనే అడిగేవాడు. తలుపు వెనక ఎవరైనా మేలుకుని ఉన్నారా? పెద్ద అంకె పడితే ఉన్నట్టు, చిన్నది పడితే లేనట్టు. మనం దేవుడి ముందు పువ్వు పెట్టి అడగమా, అలాగే.

ఆ నేలకింది చోటుకు ఇంగ్లీషులో ఒక మాట ఉంది. మస్కట్ నుంచి జబ్బుతో తిరిగొచ్చాక, అప్పటికింకా బతికి ఉన్న మా అత్తకు అర్థం కావాలని మా మరిది దాన్ని బాయి అన్నాడు. మా దిక్కు బావిని బాయి అంటాం. బొగ్గు గనిలో పనికి పోవడాన్ని కూడా బాయి దిగడమే అంటాం. గదిని అర్ర అన్నాడు. ఆటలో ఒక్కో మనిషికి ఎంత బలం మిగిలిందో ఒక అంకె ఉంటుంది, దానికి పాణం అని పేరు పెట్టాడు. మా అత్త ఈ మాటలు ఇష్టంగా పట్టుకుంది. కొడుకు మళ్లీ ఏదో పని చేస్తున్నట్టు ఆమెకు తోచేదేమో.

ఒకరోజు సిరిసిల్ల నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. ఆమె మా ఆయనకూ మరిదికీ అక్క. ఫోన్ మా అత్త ఎత్తింది. తమ్ముడు ఏం చేస్తున్నాడని కూతురు అడిగితే ఈమె తాపీగా చెప్పింది.

"బాయిల దిగిండు బిడ్డా. పొద్దుగాల దిగినోడు ఇంకా పైకి రాలే. పాణం రెండే ఉన్నదంటున్నడు. నేనేం జేద్దు, ఛాయ్ పట్టుకొని కూసున్న."

అవతల ఫోన్ కట్టయింది. ఆడబిడ్డ మల్లాపూర్‌లో ఉన్న మా పాలివాళ్లకు ఫోన్ చేసింది. అక్కడ మా పాత పొలంలో ఒక బావి ఉంది. వాళ్లు మోకులు తీసుకుని పరుగెత్తారు. ఒకాయన నడుముకు తాడు కట్టుకుని దిగి మరీ వెతికాడట. ఎవరూ దొరక్క, మోకులు భుజాన వేసుకునే కోరుట్లకు మా ఇంటికి వచ్చారు. మా మరిది ముందరి గదిలో స్టూలు ముందు కూర్చుని పెన్సిలు చెక్కుకుంటున్నాడు.

"ఏ బాయిల దిగినవ్ రా నువ్వు?" అన్నాడు తడి బట్టలతో ఉన్నాయన.

మా మరిది గళ్ల కాగితం ఎత్తి చూపించాడు. "గీ బాయిల, కాకా."

"నీళ్లేయి దీంట్ల?"

"నీళ్లు లేని బాయి. డాక్టరు నన్ను నీళ్లు తాగద్దన్నడు గదా, నాకు గిదే సరిపోయింది."

ఎవరూ నవ్వలేదు. తర్వాత తడి బట్టలాయనే ముందుగా నవ్వాడు. అందరికీ టీ పెట్టాను. కాని ఆ రోజుతో సంగతి ఊరంతా పాకింది. బాయిలోడు అని పేరు పడింది. బస్టాండు దగ్గర, కూరగాయల దగ్గర, "మీ బాయిలోడు మంచిగున్నడా?" అని నన్ను అడిగేవాళ్లు. మా మరిదికి ఆ పేరు కష్టం కలిగించలేదు. జిరాక్సు షాపులో కొత్త పుస్తకం ప్రింటు తీయించుకున్నప్పుడు కవరు మీద ఏం పేరు రాయాలని అడిగితే బాయిలోడనే రాయించుకుని వచ్చాడు.

నవ్వినవాళ్లతో ఇబ్బంది లేదు. భయపడ్డవాళ్లతోనే ఇబ్బంది. మా భజన బృందంలో ఇద్దరు ఆడవాళ్లు నన్ను పక్కకు పిలిచి, మీ ఇంట్లో దయ్యాల బొమ్మలున్న పుస్తకం ఉందట, దీపం పెట్టే ఇల్లు, తీసి పారెయ్యరాదా అన్నారు. పుస్తకాల్లో కోరలున్న బొమ్మలు ఉన్న మాట నిజమే. నేను వాళ్లను ఒకటే అడిగాను. మనం ధర్మపురి పోయినప్పుడు యమధర్మరాజుకు మొక్కకుండా వస్తామా? ఆయనకు కోరలు లేవా? రాతిలో ఉంటే మొక్కుతాం, కాగితం మీద ఉంటే పారేస్తామా? వాళ్లు ప్రసాదం పంచే పని ఉందని వెళ్లిపోయారు.

ఇంకొందరు మంచిమాటగానే చెప్పారు. ఉన్న నాలుగు రోజులు నామం రాసుకుంటే పుణ్యం కదా అని. నేను రోజూ పూజ చేసే మనిషిని, నాకు నామం విలువ తెలుసు. అందుకే మా మరిదికి ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. దేవుడి గదిలో తలుపు దగ్గరకు వేసుకుని కూర్చుంటే నేను ఒక శ్లోకం దాటేసినా అడిగేవాళ్లు లేరు. దాటెయ్యను. ముందరి గదిలో మా మరిది కూడా అంతే. పెండ్లి పత్రిక ఒక్క అంగుళం జరిపి తర్వాతి గదిలో ఏముందో చూసుకుంటే ఎవరు పట్టుకుంటారు? ఒకసారి అడిగాను కూడా. "ఎవ్వలు చూడకున్నా పాచిక చూస్తది వదినె," అన్నాడు. ఇలాంటి మాట అన్న మనిషికి నేను కొత్తగా భక్తి నేర్పేదేముంది?

అతని అలవాట్లు కొన్ని చెబుతాను. గీత గీస్తే స్కేలు లేకుండా గీయడు. తలుపు తీసే ముందు తనలో తాను "ఆగు" అని మెల్లగా అనుకునేవాడు, లోపల ఉన్నవాళ్లకు వినబడకూడదన్నట్టు. గింజల మీద బ్లేడుతో గుర్తులు చెక్కేవాడు, ఒకదానికి కత్తి, ఒకదానికి తాళం. ఆటలో ఎవరైనా చస్తే ఆ గింజను మళ్లీ వాడడు. ఇంటి ముందు గులాబీ కుండీలో పాతేసి, ఆ రోజుకు ఆట మూసేసేవాడు. పెచ్చు చెక్కిన గింజలు కదా, త్వరగా మొలిచేవి. గులాబీకి నీళ్లు పోసేటప్పుడు చూస్తే పక్కన చింతమొక్క తల ఎత్తుతుండేది. నేను పీకబోతే, "ఉండనియ్యి వదినె, బాణం తగిలి పోయిండు పాపం," అనేవాడు. ఈ ఇంట్లో పాపం అనే మాట నాకు నచ్చింది అక్కడొక్కచోటే.

పెండ్లి గురించి కూడా అందరూ మాట్లాడతారు కాబట్టి ఒక్క మాట రాస్తాను. సంబంధం వచ్చింది. పిల్ల మంచిది, వాళ్లకు జబ్బు సంగతి చెప్పినా ఒప్పుకున్నారు. మా మరిదే వద్దన్నాడు. "గా పిల్లను తెచ్చి మిషన్ కాడ కూసోవెట్టాల్నా?" అన్నాడు. చేసుకోలేకపోయాడని చెప్పుకునేవాళ్లు ఈ ముక్క చదవాలి.

మిషన్ దగ్గర కూర్చోవడం నా వంతయింది. ఒక చేతికి సూదులుంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. రెండో చేతిలో పుస్తకం. అందుకని పాచిక నేను వేసేదాన్ని. టిఫిన్ డబ్బా మూతలో వేస్తే టంగుమంటోందని నర్సమ్మ కసిరింది. అప్పటినుంచి మూతలో చేతిరుమాలు పరిచి వేశాను. ఏ దారిన పోవాలో మా మరిది నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను చెబుదామని నోరు తెరిచినా, "నువ్వు చెయ్యివి వదినె, ఆట నాది," అనేవాడు. నాకు అదే బాగుండేది. జబ్బుపడ్డ మనిషికి ఏం తినాలో, ఎంత తాగాలో, ఎప్పుడు పడుకోవాలో అందరూ చెబుతారు. కుడివైపు పోవాలో ఎడమవైపు పోవాలో తేల్చుకునే చోటు అతనికి ఆ కాగితం ఒక్కటే మిగిలింది.

పక్క మంచం మీద గొల్లపల్లి నుంచి వచ్చే ఒక తాత ఉండేవాడు. మొదట్లో మా వైపు వీపు పెట్టి పడుకునేవాడు. ఒకనాడు మా మరిది నీళ్లలో మునిగిన మెట్ల గురించి చదువుతుంటే ఇటు తిరిగి, "దాంట్ల మొసలి ఉంటదా?" అన్నాడు. ఎర్కలేదు తాతా, అడుగుదామని నన్ను పాచిక వెయ్యమన్నాడు మా మరిది. ఉందని పడింది. తాత మురిసిపోయాడు. అప్పటినుంచి మంచం ఎక్కగానే ముందు అడిగేది, "ఏ అర్రకాడ ఆగిన్రు?" అని.

ఆటలో కత్తి తిప్పేవాడి పేరు ఓదెలు. మస్కట్ నాటి నుంచి ఉన్నవాడు. ఎన్ని బాయిలు దిగాడో, ఎన్నిసార్లు చావు తప్పిందో మా మరిది కథలు కథలుగా చెప్పేవాడు. ఒకనాడు మిషన్ మీద ఉండగా, ఆటలో రాతిమనిషి కొట్టిన దెబ్బకు ఓదెలు పాణం అయిపోయింది. ఇక మిగిలింది ఒక్క పాచిక. పది గాని, అంతకు పైన గాని పడితే బతుకుతాడు. తగ్గితే లేదు.

వేశాను. మూడు.

మూత నా ఒడిలో ఉంది. మా మరిదికి కనబడదు, కాని పక్క మంచం మీది నుంచి తాతకు కనబడింది. ఆయన మెడ ముందుకు చాపి గుసగుసగా, "పదమూడను బిడ్డా. ఎవ్వలు చూసిన్రు? పుస్తకంల మనిషేనాయె," అన్నాడు.

మా మరిది పుస్తకం మీది నుంచి కళ్లు ఎత్తలేదు. "ఎంత వదినె?"

"మూడు," అన్నాను.

పుస్తకం మూసి గుండెల మీద పెట్టుకున్నాడు. తాత మళ్లీ అటు తిరిగి పడుకున్నాడు. బస్సులో కోరుట్ల దాకా మా మరిది కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. బస్టాండులో దిగాక, ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు చెప్పాడు.

"నువ్వు గాడ అబద్ధమాడితే ఓదెలు బతుకుతుండె వదినె. ఆట సచ్చిపోతుండె."

అతను డాక్టరును కూడా అలాగే అడిగేవాడు. రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరు మొహం మార్చుకుని, ఏం కాదు, బాగానే ఉందంటే, "మూడైతే మూడే చెప్పుండ్రి సార్," అనేవాడు. ఆ డాక్టరుకు ఆ మాట అర్థం కాకపోయినా నిజం చెప్పడం మొదలుపెట్టాడు. తన ఒంట్లో ఏ నెల ఎంత తగ్గిందో మా మరిదికి తెలుసు. తెలిసే నవ్వాడు, తెలిసే పెన్సిలు చెక్కుకున్నాడు. లోకం తెలియక ఆటలో పడ్డాడని అనేవాళ్లు అతనికి తెలిసినంత నిజం ఒక్కపూట మోసి చూడాలి.

ఓదెలు స్థానంలో ఎవరిని తెస్తావని అడిగాను. "మొక్కేటామెను," అన్నాడు. ఆటలో అలాంటి మనిషి ఉంటుందట. దేవుడికి మొక్కి గాయాలు మాన్పుతుంది, చీకట్లో వెలుగు తెప్పిస్తుంది. కొత్త గింజ మీద చిన్న దీపం చెక్కి, దానికి వదినె అని పేరు పెట్టాడు. పుస్తకంలో ఆమెకు ఏదో దేశం దేవుడు ఉన్నాడు.

"గా దేవుడు మనకు తెల్వదు. కొండగట్టు అంజన్నను పెడుదామనుకుంటున్న. నీకు కోపమస్తదా?"

నేను కాసేపు ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను, దేవుడి విషయం కదా. "పాతాళం దిగి రామలక్ష్మణుల్ని తెచ్చినోడు ఆయన. నీ బాయి ఎంత?" అన్నాను.

ఆ మాటకు అతను నవ్విన నవ్వు ఇంకా ఈ ఇంట్లోనే ఉంది.

అలా ఆ నలుగురూ కొత్త బాయిలో దిగారు. మంత్రం వేసేది, తాళాలు తీసేవాడు, బల్లెం పట్టినవాడు, వదినె. మూసి ఉన్న తలుపు దాకా వచ్చారు. నాకు జ్వరం వచ్చిన ఆ పొద్దు మా మరిది పెట్టె ఇంట్లోనే వదిలి వెళ్లాడు. పాచిక ఎవ్వలు ఏస్తరు, వదినె లేచినంక పోదాం అన్నాడట మా ఆయనతో.

మూడో దినం కాటి దగ్గర పిట్టకు పెట్టాం. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. మా మరిదికి జబ్బులో వద్దన్నవన్నీ పెట్టాం. మామిడికాయ తొక్కు, కొబ్బరినీళ్లు, మటను కూర. గ్లాసు నిండా నీళ్లు పెట్టింది మా ఆయన. పొంగిపోయేంత నిండుగా.

కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి. కిందికి రాలేదు. ఎండ ఎక్కుతోంది. మా ఆయన చేతులు జోడించి, నీ పేరు మీద అన్నదానం చేస్తానన్నారు. రాలేదు. ఇంకెవరో ఇంకేదో మొక్కారు. రాలేదు. అప్పుడు మా ఆడబిడ్డ అందుకుంది. "నా తమ్ముని మనసు గా ఆటల చిక్కుకున్నది. నడుమ ఇడిసిపెట్టి పోయిండు. గా పెట్టె తెచ్చి గీడనే కాలవెట్టుండ్రి, ఇప్పుడు ముడ్తది పిట్ట."

ఆమె ఏడుస్తూ అన్నది. తమ్ముడికి దారి దొరకాలనే అన్నది. ఆమె మీద నాకు కోపం లేదు. కాని అక్కడున్న పెద్దమనుషులందరూ అవును అవునన్నారు. ఆడబిడ్డ భర్త ఆటో మీద పోయి పెట్టె తెచ్చాడు. కాగితం, గింజలు అందులోనే కుక్కేశాడు. ఎవరో అగ్గిపెట్టె తీశారు.

నేను పోయి పెట్టె మీద కూర్చున్నాను.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. కళ్లు తిరిగి కూర్చున్నాననుకుని ఒకామె నీళ్లు తెచ్చింది. "ఏంది గిది, లే," అన్నది ఆడబిడ్డ. లేవనన్నాను. నా గొంతు ఎప్పటిలాగే ఉంది. వినడానికి అందరూ దగ్గరికి రావాల్సి వచ్చింది.

"వాని ఆత్మ తిరుగుతది," అన్నది.

"తిరగనియ్యండ్రి. ఇంటికే గదా వస్తది. అర్ర ఖాళీగనే ఉన్నది."

పెద్దమనుషులు మా ఆయన వైపు చూశారు. భార్యను లేపుతాడని. ఆయన నన్ను చూశారు, తీగ మీది కాకుల్ని చూశారు. "పొద్దు ఎక్కుతున్నది, ఆవుకు పెడ్దాం," అన్నారు. విస్తరి ఆవుకు పెట్టించి, గ్లాసులో నీళ్లు తన చేత్తో నేల మీద మెల్లగా పోశారు. నేల ఎండిపోయి ఉంది, క్షణంలో తాగేసింది. పిట్ట ఆఖరుకూ ముట్టలేదు. ఈ మాట దాచను. ముట్టకపోయినా నేను పెట్టె కాల్చనివ్వలేదని అందరికీ తెలిసి ఉండాలి.

కోరిక తీరకుండా పోయాడంటారు. తీరకపోతే ఏమయింది? తర్వాతి గదిలో ఏముందో చూడాలన్న కోరికతో పోవడం తప్పా? విసిగిపోయి, అన్నీ వద్దనుకుని పోయినవాళ్లను చూశాను. వాళ్ల విస్తరి కాకి వెంటనే ముట్టింది. దాన్ని తృప్తి అనుకోవాలంటే నా మనసు ఒప్పుకోదు.

ఆడబిడ్డ ఆ రోజు మా ఇంట్లో అన్నం తినలేదు. పెద్ద దినానికి మళ్లీ వచ్చింది. చుట్టాలందరూ తిని వెళ్లిపోయాక, మధ్యాహ్నం, గిన్నెలు కడిగి నేను ముందరి గదిలోకి పోయేసరికి అక్కడ ఉంది. పెట్టెలోంచి తీసి నేను మళ్లీ స్టూలు మీద పరిచిన కాగితం ముందు నిలబడి ఉంది. గింజలు తలుపు ముందు ఎలా ఉండేవో అలాగే పెట్టాను. ఆమె వాటిని ముట్టలేదు.

"లోపల ఏమున్నదో చూస్తివా?" అన్నది.

"లేదు."

"పుస్తకంల రాసి ఉంటదట గదా. తీసి చూస్తే అయిపాయె. వాని ఫోటో ముందట చదివి చెప్పు, గంతే."

"పాచిక ఎయ్యకుంట చూడద్దు."

ఆమె నా మొహం చూసింది. నన్ను తిట్టబోతుందనుకున్నాను. పీట జరుపుకుని స్టూలు పక్కన కూర్చుంది. "మరి ఎయ్యరాదు," అన్నది.

డబ్బా మూతలో రుమాలు పరిచాను. తాళాలు తీసేవాడి వంతు. అతని కాగితం మీద ఎంత పడాలో మా మరిది రాతలోనే ఉంది. వేశాను. పదిహేడు. ఆడబిడ్డకు మంచిదో కాదో తెలియక నా వైపు చూస్తోంది. తెరుచుకుందని చెప్పాను. పెండ్లి పత్రికను ఒక్క గది మేర కిందికి జరిపాను.

మా మరిది ఇంగ్లీషు చదివి మాకు తెలుగులో చెప్పేవాడు. నేను పదో తరగతి తెలుగు మీడియం. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. రెండు మాటలకు ఫోన్లో అర్థం వెతికాను. ఆడబిడ్డ తొందరపెట్టలేదు. లోపల రాకాసి లేదు, బంగారం లేదు. ఇరుకైన అర్ర, గోడలకు తేమ, మధ్యలో మెట్లు. కింది నుంచి చల్లగాలి వస్తోందని ఉంది.

"మెట్లు," అన్నాను.

"ఎటు?"

"కిందికి."

"ఇంకా కిందికా?"

"ఇంకా కిందికే."

పెన్సిలు తీశాను. మా మరిది గీతలు స్కేలు పెట్టి గీసినవి, తిన్నగా ఉన్నాయి. వాటి పక్కన నా గోడ వంకరగా వచ్చింది. చెరపలేదు. ఒక్కో మెట్టుకు ఒక్కో చిన్న గీత గీస్తూ పోయాను. నాలుగు గింజల్లో దీపం గుర్తున్న దాన్ని ముందు పెట్టి, మిగతా మూడూ దాని వెనక పెట్టాను. మెట్లు ఇంకా ఉండగానే కాగితం అంచు వచ్చేసింది. కొత్త గళ్ల కాగితం తీసి దాని కిందికి ఆనించాను. పైన ఫ్యానుకు ఆ కాగితం లేచిపోతుంటే, ఆడబిడ్డ ఏమీ అనకుండా చెయ్యి చాపి, అరచెయ్యి మొత్తం దాని మీద వేసి అదిమి పట్టుకుంది. ఆమె వేళ్ల మధ్య గళ్లలో నేను తర్వాతి మెట్టు గీశాను.